పస్తు వేరు, ఉపవాసము వేరు

ఉపవాసమను మాట ఒకటే గాని, లేఖనములలో అది ఒకే రీతిగా కనబడదు. ఈ భేదము నెంచక, నలువది దినములు ఏమియు ముట్టనివాడే నిజమైన భక్తుడని కొందరు బోధించుచున్నారు. ఆ బోధను వాక్యముతో సరిచూతము.

మోషే సీనాయి కొండమీద నలువది దినములు అన్నపానములు మానెను (నిర్గమ 34). అది దేవుని సన్నిధిలో జరిగిన అసాధారణ కార్యము. మనకు విధిగా ఇయ్యబడలేదు. ధర్మశాస్త్రము ఏటేట నియమించినది ప్రాయశ్చిత్త దినమొక్కటే (లేవీ 16). ఎస్తేరు మూడు దినములు నీళ్లు సహితము మానెను. దానియేలు మూడు వారములు మాంసమును, ద్రాక్షారసమును, రుచిగల ఆహారమును విడిచెను (దానియేలు 10). నీనెవెవారు పశ్చాత్తాపముతో ఉపవసించిరి. అంతియొకయ సంఘము సేవకులను పంపునప్పుడు ఉపవసించెను. ఒకరి కొలత మరియొకరికి పెట్టబడలేదు.

యెజెబెలు కూడ ఉపవాసము చాటించెను! ఎందుకు? నాబోతు ద్రాక్షతోట కాజేయుటకు (1 రాజులు 21). కాబట్టి కడుపు ఖాళీయైనంతనే హృదయము శుద్ధమగునని చెప్పుటకు వీలులేదు.

మన గుమ్మఘట్ట సీమలో ఈ వివేచన మరింత అవసరము. ఉమ్మడి అనంతపురము జిల్లాకు ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. వేదవతిపై భైరవానితిప్ప ఆనకట్ట యున్నను, వాన తప్పిన యేట మెట్టచేను ఎండక మానదు. 1876–78 నాటి ధాత కరువులో బళ్లారి సీమయంతట లెక్కలేనంతమంది ఆకలితో చచ్చిరి. దానిని ఉపవాసమని ఎవరందురు? ఉన్నవాడు దేవునికొరకు మానుకొనుట ఉపవాసము. లేనివాడు పడియుండుట పస్తు. ఆ పస్తును మెచ్చుకొనుట కాదు, తీర్చుట సంఘము పని.

యోవేలు దినములలోను మిడతలు పంటను తినివేసెను, వాగులు ఎండెను, పశువులు మేతలేక మూలిగెను. అప్పుడతడు పెద్దలను పిల్లలను కూర్చి ఉపవాసము ప్రతిష్ఠింపుమనెను. అయితే వస్త్రములు కాదు, హృదయము చింపుకొనవలెనని చెప్పెను. యెషయా మరింత సూటిగా పలికెను (58వ అధ్యాయము): ఉపవాసదినమున పనివారిని బాధించువారి మొర పైకి చేరదు; ఆకలిగొనినవానికి ఆహారము పంచుటయే దేవునికి ఇష్టమైన ఉపవాసము.

సహోదరులారా, వేరుశనగ పీకినవారి కూలి నిలిపి శుక్రవారము పస్తుండుటవలన ప్రయోజనమేమి? గర్భిణీలను, బాలింతలను, రోగులను బలవంతపెట్టకుడి. చేయగలవారు రహస్యముగా చేయుడి. ఆ పూట మిగిలిన రాగిముద్ద పొరుగింటి పొయ్యి వెలగనిచోటికి చేరెనా? మీ ఉపవాసమును ఆ ప్రశ్నతో పరీక్షించుకొనుడి.