వత్తు చెదరని ఫైలు

ఛత్తీస్‌గఢ్‌లోని బచేలిలో తెలుగు శుభలేఖ వేయించడం రెండు రాష్ట్రాల వ్యవహారం. పెళ్లి ఇక్కడి క్వార్టర్స్‌లో. చుట్టాలేమో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో. కార్డు అచ్చయ్యేది విశాఖలో కావచ్చు, జగదల్‌పూర్‌లో కావచ్చు. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండుల్ లైను వెంట వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఇది అలవాటైన తిరుగుడే. ఇక్కడ తెలుగు కార్డులు, ఫ్లెక్సీలు తయారుచేసే నాకు మాత్రం ప్రతిసారీ ఒక ప్రశ్న తేల్చుకోక తప్పదు: ఈ ఫైలుని ఏ రూపంలో పంపాలి?

ఇటువైపు డీటీపీ షాపుల్లో కృతిదేవ్ హిందీ ఫాంట్లు ఉంటాయి. ఆపరేటర్లు పనిమంతులు, కాకపోతే చాలామందికి తెలుగు చదవడం రాదు. తెలుగు డీటీపీకి వాడే అను ఫాంట్లలో కొట్టిన కోరెల్‌డ్రా ఫైలు అక్కడ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. తేడా ఉందని వెంటనే తెలిసిపోతుంది కాబట్టి అది పెద్ద ప్రమాదం కాదు. యూనికోడ్ తెలుగు అక్షరాలకు వత్తులు కలపడం రాని పాత సాఫ్ట్‌వేర్‌తోనే అసలు చిక్కు. ‘లక్ష్మి’ అని ఉండాల్సిన చోట వత్తులు కిందికి దిగకుండా ‘లక్‌ష్‌మి’ అని పొల్లులతో పడుతుంది. తెలుగు రాని కంటికి రెండూ ఒకటే. పెళ్లికూతురి పేరు అలా విరిగిపోయి వందల కార్డుల మీద అచ్చవుతుంది. అందుకే అచ్చుకు పోయే ప్రతి తెలుగు అక్షరాన్నీ కోరెల్‌లో కర్వ్స్‌గా మార్చి, పీడీఎఫ్ చేసి పంపిస్తాను. అప్పుడది అక్షరం కాదు, గీసిన బొమ్మ. ఏ కంప్యూటర్‌లో ఏ ఫాంట్ ఉన్నా, లేకపోయినా దాని రూపు మారదు. కర్వ్స్ చేయని కాపీ నా దగ్గరే ఉంచుకుంటాను, ముహూర్తం మారితే దిద్దడానికి.

‘అదంతా ఎందుకు, కార్డు మొత్తం జేపెగ్ కొట్టి పంపెయ్’ అనేవాళ్లు చాలామంది. జేపెగ్ అంటే నాకు గౌరవమే. దాని గుండెకాయ లాంటి గణితాన్ని 1974లో ప్రకటించిన ముగ్గురిలో ఒకరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో పాఠాలు చెప్పిన ఆచార్యుడు. మిగతా ఇద్దరు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్. మన ఫోన్లలోని ఫొటోలన్నీ దాదాపు వీళ్ల చలవే అని ఎక్కడో ఓ చోట మన పిల్లలకు చెప్పాలి.

కానీ ఆ గణితం ఆధారంగా జేపెగ్ బొమ్మని ఎనిమిది చుక్కల అడ్డం, ఎనిమిది చుక్కల నిలువు గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సన్న వివరాన్ని వదిలేస్తుంది. ఆకాశం, కొండ, మనిషి ముఖం ఇలా కుదించినా తేడా తెలియదు. అక్షరం అలా కాదు. తెల్ల కాగితం మీద నల్ల గీత మొదలయ్యే అంచే అక్షరానికి ప్రాణం. బాగా కుదించిన జేపెగ్‌లో ‘స్త్రీ’ అన్న అక్షరాన్ని నాలుగింతలు పెద్దది చేసి చూడండి. తకార వత్తు చుట్టూ బూడిదరంగు మురికి ముసిరి ఉంటుంది, క్రారవడి లోపలి తెల్లదనం సగం పూడిపోయి ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఒకే వరసలో నడిచే అక్షరాల కంటే, కింద ఇంత సన్నపని ఉన్న మన లిపికే ఈ దెబ్బ ఎక్కువ. ఫోన్లలో పంపుకునే ఆహ్వానానికైతే పీఎన్‌జీ చేస్తాను. అది కుదించినా చుక్క కూడా పోగొట్టదు.

అలాగని పీఎన్‌జీని ప్రెస్సుకు పంపకూడదు. అచ్చుకు కావాల్సిన నాలుగు ఇంకుల సీఎంవైకే రంగులు అందులో ఇమడవు. నలుపు అక్షరాలు కూడా తెర రంగుల్లోనే వెళ్లి, ప్రెస్సులో నాలుగు ఇంకుల కలయికగా మారతాయి. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా వత్తుల పక్కన ఎర్రటి నీడో, నీలం నీడో తేలుతుంది. అందుకని కార్డు మీద చిన్న అక్షరాలకు ఒక్క నల్ల ఇంకు మాత్రమే పెడతాను. రంగుల మాటకొస్తే, వానాకాలంలో మా కొండల మీద మెరిసే లేతపచ్చని ఏ ఫార్మాటూ కాగితం మీద అలాగే దింపలేదు. తెర వెలుగుతో చూపే పచ్చ ఇంకులో లేదు. ఇక్కడి ఎర్రమట్టి మాత్రం అచ్చులో చక్కగా వస్తుంది.

వెబ్‌పీ, హీక్ గురించి ఎక్కువ చెప్పను. నెట్‌లో దించుకున్న దేవుడి పటం, ఐఫోన్‌లో తీసిన ఫొటో ఆ రూపాల్లో వస్తే పాత కోరెల్ తెరవదు. మార్చి ఇవ్వాలి, అంతే.

నాకు దిగులు కలిగించేది పెద్దవాళ్ల ఫొటోల సంగతి. ఇంట్లో ఎవరో పోతారు, పెద్దకర్మకు గోడకు తగిలించే పటం కావాలి. వాట్సాప్‌లో చేతులు మారి మారి వచ్చిన ఫొటో తెస్తారు. ‘ఫోన్లో ఇంత బాగుంది కదా బాబూ, పెద్దది సెయ్యడానికి ఏటి కష్టం?’ అని అడుగుతారు. దుఃఖంలో ఉన్నవాళ్లకు లెక్కలు చెప్పలేం. పాఠకులకు మాత్రం చెప్పాలి. మామూలుగా పంపిన ఫొటోని వాట్సాప్ పొడవు వైపు సుమారు 1600 చుక్కలకు తగ్గిస్తుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన దానికి అయిదు అంగుళాల పైచిలుకే అచ్చు వస్తుంది. 12×18 అంగుళాల పటానికి 3600×5400 చుక్కలు కావాలి. లేని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు, పుట్టించినా అది వేరే ముఖం అవుతుంది. అదే ఫొటోని ‘డాక్యుమెంట్’గా పంపితే తీసింది తీసినట్టే చేరుతుంది. ఫొటో తీసినవాళ్ల ఫోన్లో అసలుది ఇంకా ఉందేమో, ముందు అక్కడ వెతకండి.

1977లో బచేలి గని మొదలైన కాలంలో వచ్చినవాళ్ల ఇళ్లలో ఫొటోలంటే స్టూడియో ప్రింట్లే. నెగెటివ్‌లు ఏనాడో పోయాయి. వాటిని ట్యూబ్‌లైటు కింద పెట్టి ఫోన్‌తో తీయకండి, తళుకు పడి ముఖం తెల్లబోతుంది. స్కానర్ మీద 600 డీపీఐలో పెట్టించి, వివరమేదీ పోగొట్టని టిఫ్‌గా భద్రపరచమని అడగండి. 4×6 అంగుళాల ప్రింటు 2400×3600 చుక్కల బొమ్మ అవుతుంది, 12×18 పటానికి అంగుళానికి 200 చుక్కలు వస్తాయి. గోడ మీద చూసుకోవడానికి అది చాలు. ఫైలు 26 ఎంబీ దాకా ఉంటుంది, ‘ఇంత బరువెందుకు, జేపెగ్ ఇస్తా’ అని షాపువాళ్లు అంటారు. ఊళ్లోవాళ్లకు పంపుకోవడానికి జేపెగ్ కూడా తీసుకోండి, కానీ టిఫ్ లేకుండా పెన్‌డ్రైవ్ జేబులో వేసుకోకండి. మరకలు తుడవడం, చినుగులు అతకడం వంటి పనులన్నీ ఆ టిఫ్ కాపీ మీదే చేయించండి.