ముందు మట్టికి చోటు, ఆ తర్వాతే బండి

మృగశిర కార్తె వచ్చేస్తోంది. హైదరాబాద్ పాతబస్తీలో లాల్‌దర్వాజా నుంచి ఉప్పుగూడ దాకా ఇప్పుడు మాటలన్నీ చేపల మీద, బోనాల మీద నడుస్తున్నాయి. ఈ వారం నేను బురద గురించి రాస్తాను. వరద తీసిన మర్నాడు గల్లీలో మిగిలే మట్టిని ఎత్తడానికి ఏ బండిని పిలవాలి, దానికి ముందు ఏం కట్టాలి, వెనక ఏం తగిలించాలి అన్నది ఆలోచించాల్సింది ఇప్పుడే. మట్టి వచ్చి పడ్డాక ఆలోచనకు తీరిక దొరకదు.

2020 అక్టోబరు మన బస్తీల్లో ఎవరూ మరచిపోరు. 13న పట్టుకున్న వాన ఒక్క రోజులో నగరంలో సుమారు 19 సెంటీమీటర్లు కురిసింది. మైలార్‌దేవ్‌పల్లి పల్లె చెరువు పొంగి అలీనగర్ మీద పడింది. అల్ జుబైల్ కాలనీ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. జనం తేరుకోకముందే, 17 రాత్రి, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్‌ను ముంచేసింది. ఆ రాత్రుల్లో మనుషులు కొట్టుకుపోయారు. నీళ్లు చివరికి ఎటో పోయాయి. పోతూ చెరువు అడుగు ఒండ్రును, మోరీల మురికిని, తడిసిన పరుపులను, పగిలిన గోడల పెళ్లలను గడపల ముందు పోసి పోయాయి.

మా గల్లీవాళ్లం తలా ఇంత వేసుకుని ట్రాక్టర్ మాట్లాడుకున్నాం. మహేశ్వరం వైపు నుంచి వచ్చిన డ్రైవర్ బండి దిగగానే అడిగిన మొదటి మాట నాకు పాఠంలా మిగిలింది. "అన్నా, మట్టి యాడ పొయ్యాల్నో ముందుగాల జెప్పు. బండి సంగతి తర్వాత జూద్దాం." చెరువు పూడిక తోలి తోలి నేర్చుకున్న మాట అది. 2015 మార్చిలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలయ్యాక తెలంగాణ పల్లెల్లో ఎంతోమంది ట్రాక్టర్ డ్రైవర్లు ఈ విద్యలో ఆరితేరారు. అక్కడ పూడిక మట్టి పొలాలకు బలం, రైతే ఎదురొచ్చి తోలించుకునేవాడు. మన గల్లీ మట్టిలో డ్రైనేజీ కలిసి ఉంటుంది, గాజు పెంకులుంటాయి. దాన్ని ఏ పొలమూ అడగదు. చోటు మనమే చూసిపెట్టాలి.

ఈ చోటు చిక్కు మట్టికే కాదు, మంచుకూ ఉంది. మా అక్క కొడుకు అమెరికాలో బఫెలో పక్కన ఉంటాడు. రోడ్డు నుంచి ఇంటికి పొడవాటి దారి, చలికాలమంతా మంచు. 2022 నవంబరులో ఆ నగర శివారు ఆర్చర్డ్ పార్క్‌లో నాలుగు రోజుల్లోనే 80 అంగుళాల మంచు పడింది. చిన్న ట్రాక్టర్‌కు ముందు బ్లేడు కట్టాలా, వెనక బ్లేడు చాలా, మంచును చిమ్మే బ్లోవర్ కొనాలా అని వాడు నెలల పాటు విచారించాడు. బ్లేడు చౌక, పని తొందరగా అవుతుంది. కానీ నెట్టిన మంచు దారి పక్కనే గట్టుకడుతుంది. వారం వారం ఆ గట్లు లోపలికి జరిగి, నెట్టడానికి చోటే ఉండదు. బ్లోవరైతే ట్రాక్టర్ ఇంజన్ బలంతో మంచును దూరంగా విసిరేస్తుంది, అయితే నెమ్మది, ఖర్చు ఎక్కువ. అంటే అక్కడ కూడా మొదటి ప్రశ్న చోటుదే. తేడా ఒక్కటే, వాడి గట్టు ఎండలు రాగానే కరిగిపోతుంది. మన గట్టు పక్కింటి గోడకు ఆనుకుని ఎండుతుంది, మళ్లీ వాన పడగానే జారి గల్లీలోకే వస్తుంది. మంచుకు నెట్టే బండో, చిమ్మే బండో ఒకటి సరిపోతుంది. మట్టికి ఎత్తే బండి, మోసే బండి రెండూ కావాలి.

అందుకే మొదట మోత లెక్క. గల్లీ 200 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, మట్టి అర అడుగు మందం అనుకుంటే 1000 ఘనపుటడుగులు. ట్రాలీకి 100 ఘనపుటడుగులంటే పది ట్రాలీలు. కానీ తడిమట్టి ట్రాలీ నిండా పోస్తే నాలుగున్నర, ఐదు టన్నులు తూగుతుంది. పైగా పలచటి బురదను నిండా పోస్తే తొణికి దారంతా కారుతుంది. ముప్పావు వంతే నింపాలి. అప్పుడు 13, 14 ట్రిప్పులు అవుతాయి. ఎత్తే బండికి కిరాయి గంటల లెక్కన, ట్రాక్టర్‌కు ట్రిప్పుల లెక్కన. ఒకే ట్రాక్టర్ పెడితే అది పోసి వచ్చేదాకా ఎత్తే బండి ఊరికే నిలబడి గంటలు తింటుంది. పోసే చోటు దూరమైన కొద్దీ రెండో ట్రాక్టర్, మూడో ట్రాక్టర్ కావాలి. చోటు తెలియకుండా బండి మాట్లాడకూడదన్న డ్రైవర్ మాటలో ఈ లెక్కంతా ఉంది.

రెండోది గల్లీ కొలత. వెడల్పును గల్లీ మొదట్లో కొలవడం కాదు, అన్నిటికంటే ఇరుకైన చోట కొలవాలి. ఆ చోట కరెంటు స్తంభం ఉంటుంది, లేదా ఎవరి ఇంటి మెట్లో ముందుకొచ్చి ఉంటాయి. పాత దేవిడీలు వాటాలు పడి గల్లీలుగా మారిన చోట కమాన్ అడ్డం ఉంటుంది. జేసీబీ సుమారు ఏడున్నర అడుగుల వెడల్పు, తొండం తిప్పడానికి ఇంకా చోటు కావాలి. అది వీధి మొగదలకే పనికొస్తుంది. బాబ్‌క్యాట్ లాంటి చిన్న లోడర్లు ఐదారు అడుగుల్లో దూరతాయి. నిలబడ్డ చోటే గిర్రున తిరుగుతాయి. 1957లో మిన్నెసోటాలోని రోత్సే అనే చిన్న ఊళ్లో కెల్లర్ అన్నదమ్ములు టర్కీ కోళ్ల షెడ్డులో పెంట ఎత్తడానికి కట్టిన బండి నుంచి పుట్టిన జాతి ఇది. ఇరుకు కోసమే పుట్టింది. అయితే అది తిరిగేటప్పుడు చక్రాలు నేలను ఒరుస్తాయి. పేవర్ బ్లాకులు, షాబాద్ బండలు పరిచిన చోట అక్కడికక్కడ తిప్పనివ్వకూడదు. నాలుగడుగులే ఉన్న సందుల్లోకి తోటపనుల మినీ ట్రాక్టర్ పోగలదు. దానికి గుర్రపు బలం తక్కువైనా, ఆ సందులో పని జరిగేది దానితోనే. బలం ఎంతని అడిగే ముందు ఒళ్లు ఎంతని అడగాలి.

మూడోది ముందుకట్టా, వెనకకట్టా అన్నది. ట్రాక్టర్ వెనక మూడు లింకులకు తగిలించే లెవలర్ బ్లేడు చాలామంది దగ్గర ఉంటుంది, కిరాయికి తేలిగ్గా దొరుకుతుంది. కానీ బ్లేడు మట్టిని చేరేలోపే చక్రాలు దాన్ని తొక్కి చదును చేస్తాయి. డ్రైవర్ పని ముగిసేదాకా మెడ వెనక్కి తిప్పి కూర్చోవాలి, పిల్లలు తిరిగే గల్లీలో అది ప్రమాదం. ముందు లోడర్ బకెట్ ఉంటే బండి తన దారి తానే చేసుకుంటూ పోతుంది, తోసిన మట్టిని ఎత్తి ట్రాలీలో పోస్తుంది. బకెట్ నిండా తడిమట్టి లేపినప్పుడు వెనక చక్రాలు తేలిపోతాయి, అందుకని వెనక లింకులకు బరువు కట్టి ఉండాలి. ఆ బరువు లేని బండిని బురదలోకి దింపవద్దు. బకెట్ అంచు సీసీ రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూతలకు తగులుకుంటుంది, మూత లేస్తే కింద పడేది మనిషి. అంచుకు మందపాటి రబ్బరు పట్టీ బోల్టులతో బిగించి, మూతలున్న చోట సున్నంతో గుర్తు పెట్టి, వాటి చుట్టూ జానెడు మట్టి పారతోనే తీయాలి. పొలంలో వాడే కేజ్ వీల్స్ ఇక్కడికి తేవద్దు, సీసీ రోడ్డు పెళ్లలుగా లేస్తుంది. హైడ్రాలిక్ ట్రాలీ డబ్బా లేపేది పోసే చోటే. గల్లీలో లేపితే కరెంటు తీగలు, కేబుళ్లు నెత్తి మీదే ఉంటాయి.

నాలుగోది అదను. నీళ్లు తీసిన రోజు మట్టి సాంబారులా పారుతుంది, ఏ బకెట్‌లోనూ నిలవదు. ఆ రోజు చెక్క పలకలతో నీటిని నెట్టి, మట్టిని కుప్పచేసుకోవాలి. ఒక రోజు ఆరనిస్తే బకెట్‌కు ముద్దగా వస్తుంది. మూడు నాలుగు రోజులు ఎండ కాస్తే గడ్డకట్టి గునపం అడుగుతుంది. ఆ నడిమి రోజే మన రోజు. నీళ్ల ట్యాంకర్ అన్నిటికంటే చివర రావాలి. మట్టి ఎత్తకముందే పైపు పట్టి కడిగితే అది మోరీలోకి దిగి, మళ్లీ వాన రాగానే మన గడపే ఎక్కుతుంది.

ఇంత చెప్పినా, ఇళ్లలోపలి మట్టి తీసేది పార, తట్ట పట్టిన మనుషులే. గదుల్లోకి ఏ బండీ రాదు. వాళ్లకు గంబూట్లు, మోచేతి దాకా గ్లవ్స్ ఇవ్వాలి. ఎలుకల మూత్రం కలిసిన వరద నీటిలో తెగిన పాదాలతో దిగితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. మోరీ పూడితే మ్యాన్‌హోల్‌లోకి ఎవరినీ దింపకూడదు, రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడాన్ని 2013 నాటి పాకీపని నిషేధ చట్టం నేరమంది. చట్టం లేకపోయినా మనం ఒప్పుకోకూడని పని అది. సరైన బండి ఎంచుకోవడమంటే నాకు అసలైన అర్థం ఇదే: ఒక మనిషి నడుము మీద నుంచి ఎంత బరువు దించగలమన్నది.

1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత నగరం ఇంజనీర్ విశ్వేశ్వరయ్యను పిలిచి నది లెక్క కట్టించుకుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ ఆ లెక్కలోంచే వచ్చాయి. నదికి లెక్క ఉన్నట్టే గల్లీకీ ఉండాలి. ఈ ఆదివారం నలుగురు కలిసి టేపు పట్టండి. పొడవు, ఇరుకు చోటు, మూతలు, తీగల ఎత్తు ఒక కాగితం మీద రాయండి. మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు వెళ్లి మట్టి పోసే చోటేదో అడిగి, అదీ రాసుకోండి. లోడర్ ఒకటి, ట్రాక్టర్లు రెండు, ఎవరివో ఫోన్ నెంబర్లతో సహా కింద చేర్చండి. చెరువు కట్టలు, నాలాలు చూడాల్సింది ప్రభుత్వం, ఆ పని చేయమని గట్టిగా అడుగుతూనే ఉందాం. ఆ కాగితం మాత్రం వానకు ముందే మన చేతిలో ఉండాలి.