బల్లకు ముందు సమాధానం

నల్లగొండ, పాలమూరు మెట్టసీమలోని క్రైస్తవ సంఘాల్లో విశ్వాసి నీతికి గట్టి పరీక్ష ప్రభువు బల్ల దగ్గరే ఎదురవుతుంది. యేసు శిష్యులతో చేసిన కడరాత్రి భోజనాన్ని జ్ఞాపకం చేసుకుంటూ సంఘస్థులు రొట్టెలోను, ద్రాక్షరసంలోను పాలుపొందే సంస్కారమే ప్రభువు బల్ల. దానికి ముందు ఎవరినివారు పరీక్షించుకోవాలని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో బోధించాడు. అర్పణ తెచ్చినవాడికి, తనవల్ల నొచ్చుకున్న సహోదరుడు గుర్తుకొస్తే, అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి అతనితో సమాధానపడాలని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసు ఆజ్ఞాపించాడు.

ఈ ప్రాంతానికి ఆ బోధను తెచ్చినవారిలో మెన్నోనైట్లు ముఖ్యులు. 1536లో కాథలిక్ గురుత్వాన్ని వదిలిన మెన్నో సైమన్స్ పేరుతో ఏర్పడిన ఈ సంప్రదాయంలో, విశ్వాసం నడతలో కనబడి తీరాలన్న పట్టుదల బలమైనది. ఆ పట్టు సడలుతోందన్న వేదనతోనే 1860లో దక్షిణ రష్యాలో మెన్నోనైట్ బ్రదరెన్ శాఖ విడిగా ఏర్పడింది. ఆ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో బాప్టిస్టు మిషను తరఫున నల్లగొండలో సేవ ఆరంభించారు. ఆ తర్వాత అమెరికా నుంచి వచ్చిన అదే శాఖవారు నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి కేంద్రాలుగా పనిచేశారు.

సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. అంటరానితనం ఇద్దరినీ ఊరి వెలుపలే ఉంచినా, తమలో తాము పొత్తు కలవని ఈ రెండు కులాలవారికి ఒకే పళ్లెంలోని రొట్టె అందుకోవడం చిన్న సంగతి కాదు. పక్కవాణ్ణి తక్కువగా చూసే మనసుతో ఆ రొట్టెను అందుకునేవాడు తన విశ్వాసాన్ని తానే కాదనుకుంటున్నాడు.

పాలమూరు కూలీలను దూరప్రాంతపు పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ సంఘ సభ్యుడే అయ్యాడనుకుంటే ఈ బోధ బరువు తెలుస్తుంది. ముందుగా ఇచ్చిన అడ్వాన్సును ఎక్కువ చేసి, పనిచేసిన రోజులను తక్కువ చేసి లెక్క రాసినవాడు ఆదివారం కన్నీళ్లతో ప్రార్థన చేసినంత మాత్రాన ఆ కూలీ ఇంట్లో పొయ్యి వెలగదు. లూకా సువార్త 19వ అధ్యాయంలో సుంకరి, అంటే రోమా ప్రభుత్వానికి పన్ను వసూలు చేసే అధికారి, అయిన జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మారుమనస్సు అంటే అదే: కూలీ గడప తొక్కి, లెక్క సరిచేసి, బాకీ సొమ్ము అతని చేతిలో పెట్టడం.

అయితే సమాధానం పేరుతో నష్టపోయినవారి నోరు నొక్కితే ఈ ఆచారమే అన్యాయానికి ముసుగవుతుంది. దెబ్బలు తిన్న భార్యను సర్దుకుపొమ్మని, కూలి పోగొట్టుకున్నవాణ్ణి మరిచిపొమ్మని చెప్పే పెద్దరికానికి సువార్తలో చోటు లేదు. ముందు కదలవలసింది తప్పు చేసినవాడే. సంఘ పెద్దలు బల్లకు ముందటి వారంలోనే అలాంటి ఇళ్లకు వెళ్లి, నష్టపోయినవారి మాట మొదట విని, వారికి రావలసినది ఇప్పించగలిగితే, క్రైస్తవుని నీతి మీద ఊరికి నమ్మకం కుదురుతుంది.