మైకు ఎవరి చేతిలో?

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో, ‘సైట్’ ప్రయోగం అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు టీవీ చూపించింది. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. చూడడమే, అడగడం లేదు. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎడ్యుశాట్‌తో ఆ లోటు తీరుతుందన్నారు. కాని అందులోనూ రెండు రకాల కేంద్రాలుండేవి: తిరిగి మాట్లాడగలిగేవి, ఉత్తగా వినేవి. మనువు చదివినవాళ్లకు ఈ విభజన కొత్తేం కాదు.

సరే, మాట్లాడే కేంద్రమే వచ్చిందనుకుందాం. మైకు ఎవరి చేతికి పోతుంది?

నేను చదివిన బడిలో టీవీ పాఠం అయ్యాక స్టూడియోకు ఫోన్ చేసి అడగొచ్చనేవాళ్లు. ఆ ఫోన్ హెడ్‌మాస్టరు బల్ల మీదుండేది. రోజూ ఆ బల్ల తుడిచింది మాదిగవాడ పిల్లలం మేమే. ఫోన్ మాత్రం ఒక్కనాడూ ముట్టలేదు. తెర మీది సారుకు మా కులం తెలవదు. టీవీలో నాకు నచ్చిన గుణం అదొక్కటే. కాని గదిలో ఉన్న సారుకు తెలుసు, ఎవరు లేచి అడగాలో చెప్పేది ఆయనే. పైగా మా మాటల్ల అడిగితే పుస్తకాల తెలుగోళ్లు నవ్వుతరని భయం.

2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు నడిచాయి. అనుమానం తీర్చుకోవాలంటే మళ్లీ ఫోనే దిక్కు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాయిన వెంట కూలికి పోయిన పిల్ల ఎవర్ని అడగాలె?

‘పరస్పర బోధన’ మీద పరిశోధన చేసే మిత్రులు ఇకనైనా డిష్‌ల లెక్కతో ఆగకుండా, ఏ వాడ పిల్ల ఎన్నిసార్లు అడిగిందో, ఎన్నిసార్లు జవాబు దొరికిందో రాయాలి.