ఇంటిపేరు మారిన కప్ప

గాజు కప్పల ఫొటోలు చూసిన పిల్లలు ‘మన కొండల్లో ఇవి ఉంటాయా?’ అని అడుగుతుంటారు. ఉండవు. అవి మధ్య, దక్షిణ అమెరికా అడవులవి. నిద్రపోయేటప్పుడు ఎర్ర రక్తకణాల్ని కాలేయంలో దాచేసి ఆకులో ఆకైపోతాయని 2022లో తేలింది. చూడముచ్చటైనవే, కాదనను. అయితే మనకూ ఒక అరుదైన కప్ప ఉంది, దాని గురించి అడిగేవాళ్లే లేరు.

చింతపల్లి దాటాక కాఫీ తోటల మధ్య ఆర్.వి.నగర్ వస్తుంది. అక్కడ లంకపాకల వైపు బాటలో దొరికిన పొదకప్పను ఇంద్రనీల్ దాస్, ఎస్.కె.చందా 1998లో కొత్త జాతిగా వర్ణించి ఫైలాటస్ టెరెబ్రాన్స్ అన్నారు. శాస్త్రనామాల్లోనూ మనలాగే ఇంటిపేరే ముందు. 2010లో ఎస్.డి.బిజు బృందం ఈ పొదకప్పల ఇంటిపేరు రావోర్కెస్టెస్‌గా మార్చింది. అందులోని ‘రావు’ కప్పల శాస్త్రవేత్త సి.ఆర్.నారాయణరావు. ఆ మార్పు అచ్చయింది ఆయన తొలి సంపాదకుడిగా నడిపిన ‘కరెంట్ సైన్స్’లోనే. ఆ తర్వాత 2022 ఏప్రిల్‌లో జిల్లా కూడా మారింది. విశాఖ కప్ప అల్లూరి జిల్లా కప్పయింది. అది మాత్రం తన పొద వదల్లేదు.

వీటికి తోకకప్ప దశ ఉండదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే వస్తుంది. చెరువు అక్కర్లేదు, నేల తడారకుంటే చాలు. ఈ ఇంటిపేరువాళ్లు పశ్చిమ కనుమల్లో డజన్లకొద్దీ ఉంటే మన వైపు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. నిజంగానే తక్కువా, వెతికినవాళ్లు తక్కువా? ఈ కప్పలు నమోదైన చోట్ల పటంలో చుక్కలు చూడండి, చాలా మటుకు రోడ్డు పక్కనే, గెస్ట్‌హౌస్ దగ్గర్లోనే ఉంటాయి.

వానాకాలం రాత్రి పొదకప్పను పట్టుకునేది చెవే. టార్చి వేస్తే కూత ఆగిపోతుంది. ఆర్పేసి, దోమలు కుడుతున్నా కదలకుండా నిలబడాలి. మళ్లీ మొదలెట్టాక ఇద్దరు చెరోవైపు నుంచి వేలు చూపిస్తే, ఆ రెండు గీతలు కలిసే ఆకు మీద ఉంటుంది. టైము, కొమ్మ ఎత్తు, అక్షాంశం, రేఖాంశం రాసుకుంటాం. జిల్లా పేరు చివర్న, పెన్సిల్‌తో.

నాకు ముఖ్యమనిపించేది మాత్రం ఏమీ వినపడని రాత్రి. ఎక్కడ, ఎంతసేపు, వానెంత అన్నీ రాసి ‘లేదు’ అని పెట్టాలి. నాతో వచ్చే కుర్రాళ్లకది నచ్చదు, ఖాళీ పేజీకి ఇంత రాతేంటంటారు. ఆ పేజీ లేకపోతే, చుక్క లేనిచోట కప్ప లేదో, మనమే వెళ్లలేదో పటం చూసి ఎవరు చెప్పగలరు?