తోడపెళ్లికూతురు

మాఘమాసం వచ్చిందంటే విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కల్యాణమండపాలకి తీరికుండదు. బందరు రోడ్డు, చెన్నై–కోల్‌కతా హైవే కలిసే చోటు కాబట్టి అటు మచిలీపట్నం చుట్టాలకీ, ఇటు గుంటూరు పెళ్లివారికీ అనువు. ఈమధ్య ఆ మండపాల్లో ఒకే రంగు లెహంగాలు వేసుకున్న స్నేహితురాళ్లు ఆరేడుగురు పెళ్లికూతురి ముందు నడిచి వస్తున్నారు. బ్రైడ్స్‌మెయిడ్స్ అంటున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ పనికి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఒక మనిషి ఉంది. తోడపెళ్లికూతురు. కొందరు తోటి పెళ్లికూతురు అంటారు.

తోడబుట్టినది, తోడికోడలు అన్న మాటల పక్కనే ఉంటుందీ మాట. సాధారణంగా చెల్లెలో, పిన్ని కూతురో, మేనకోడలో. పెళ్లికూతుర్ని చేసే రోజు ఇద్దర్నీ పక్కపక్క పీటల మీద కూర్చోబెట్టి నలుగు పెడతారు. నూనె, పసుపు, సున్నిపిండి, మంగళస్నానం, కాళ్లకి పారాణి, బుగ్గన చుక్క, అన్నీ ఆ పిల్లకీ జరుగుతాయి. ఆ పూట నుంచి పెళ్లికూతుర్ని ఒంటరిగా వదలరు. గడప దాటనివ్వరు. గదిలో ఆమెకి తోడు ఆ పిల్లే. రేపటి గురించి దిగులుపడుతున్న పెళ్లికూతురికి పెద్దవాళ్ల ధైర్యవచనాల కన్నా పక్కన గాజులు లెక్కపెట్టుకుంటున్న చంటిది ఎక్కువ ఊరట. ఈ ఏర్పాటు చేసినవాళ్లకి మనసు తెలుసని నేను నమ్ముతాను.

పీటల మీద పని ఎదిగిన తోడపెళ్లికూతురిది. జీలకర్ర–బెల్లం పెట్టాక మంత్రాలయ్యేదాకా పెళ్లికూతురు చెయ్యి పెళ్లికొడుకు తల మీదే ఉంచాలి. ఉపవాసంతో ఉన్న ఆమెకి చెయ్యి లాగేస్తుంది. అప్పుడు మోచేతి కింద మెల్లగా అరచెయ్యి ఆనించాలి. ఇక మాంగల్యధారణ. మెడలో దండలు, వీపున బరువైన పూలజడ. మూడుముళ్లు పడే చోటే వెంట్రుకలు చిక్కుకుంటాయి. చాలా ఇళ్లలో ఆడపడుచు జడ పట్టుకుంటుంది, కొన్నిచోట్ల తోడపెళ్లికూతురు. మా అమ్మమ్మ నేర్పిన తీరు ఇది: "జడ పైకి లాగకమ్మా, కుచ్చు ఊడిపోతుంది. కింద చెయ్యేసి, పక్కకి తియ్యి. రెండో చేత్తో దండ ఎత్తి పట్టుకో." ఆ పసుపుతాడు వెంట్రుక తగలకుండా మెడకి చేరిందంటే ఆ రెండు చేతుల చలవే.

బ్రైడ్స్‌మెయిడ్స్‌దీ ఇలాంటి పనే. 1840లో విక్టోరియా రాణి పెళ్లిలో ఆమె గౌను వెనక జీరాడే అంచు పట్టుకుని 12 మంది అమ్మాయిలు నడిచారు. అక్కడ గౌను, ఇక్కడ జడ. గుణదల చర్చిలో పెళ్లి జరిగినా అంతే, మేలిముసుగు సర్దేది, ఉంగరం మార్చుకునేటప్పుడు పూలగుత్తి అందుకునేది పక్కన నిలబడ్డ తోటి పెళ్లికూతురే. లెహంగా వేసుకున్న అమ్మాయిలకి నేను చెప్పేదొక్కటే, ఫొటోలు దిగండి, కానీ మీలో ఒకరు జడ పట్టుకోవడం నేర్చుకోండి.

మా పిన్ని పెళ్లికి నేనే తోడపెళ్లికూతుర్ని, అప్పుడు నాకు ఏడేళ్లు. ముహూర్తం రాత్రి రెండు దాటాక. తలంబ్రాలప్పుడు నిద్రపోయానట, ఎవరో నీళ్లు చల్లి లేపారు. తెల్లారాక అప్పగింతలు. తోడుగా నన్నూ కారెక్కించారు. వారధి మీదికి వచ్చేసరికి పిన్ని ఏడుపు ఆపుకోలేక నా చెయ్యి పట్టుకుంది. ఆమె గాజులు నా మణికట్టుకి ఒత్తుకుని నొప్పెట్టాయి. తెనాలి వచ్చేదాకా చెయ్యి తీసుకోలేదు నేను.