ఫొటో కింద ఎవరి పేరు?

పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో కూచిపూడి వస్తుంది. మగవాళ్లు ఆడవేషం కట్టడం ఆ ఊరి నృత్య సంప్రదాయం. అక్కడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి నియమం పెట్టాడని చెప్పుకుంటారు. ఆ వేషానికి మన కాలంలో పెద్ద పేరు తెచ్చినవారు వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012). 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ఫొటోలు తరగతి గదిలో చూపించదగినవని మేము అనుకుంటున్నాం.

వేషం లేని ఫొటో ఒకటి, సత్యభామగా ఉన్న ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. మనిషి ఒక్కరే. మెడ తిప్పిన తీరు, ఓరచూపు, నడుము నిలిపిన పద్ధతి మాత్రం వేరు. చీర, నగలు మార్చింది కొంతే. మిగతాదంతా ఏళ్ల తరబడి చేసిన సాధన. ఒక మగవాడు నేర్చుకుని ఇంత నిండుగా చూపించగలిగితే, ఆడపిల్లకు సిగ్గు, ఒదుగు పుట్టుకతోనే వస్తాయని మనం చెప్పే మాట ఎంతవరకు నిజం? ఆమెకూ ఎవరో నేర్పారు. తల వంచుకోమని ఇంట్లో చెప్పారు, గట్టిగా నవ్వొద్దని బడిలో చెప్పాం. మగపిల్లాడికి ఏడవొద్దని చెప్పిందీ మనమే. ఆ ఫొటో మనల్ని అడిగే ప్రశ్న ఇదే.

అయితే ఫొటోలో కనిపించనిది కూడా చూడాలి. సత్యభామ వేషం మగవాడిది అయిన ఆ మేళాల్లో చాలాకాలం ఆడవాళ్లకు చోటు లేదు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకు నేర్పారు. ఇప్పుడు కూచిపూడి అనగానే ఆడవాళ్లే గుర్తుకొచ్చేంత మార్పు వచ్చింది. కాబట్టి మగవాడు చీర కట్టినంత మాత్రాన ఆడవాళ్లకు సమానత్వం వచ్చినట్టు కాదు. వేషం ఎవరు కట్టవచ్చో కులం, ఇంటిపేరు నిర్ణయించిన సంగతీ మరవకూడదు.

ఇక మన ఆదివాసుల దగ్గరికి వద్దాం. ఆదిలాబాద్ ప్రాంతపు గోండుల్లో దీపావళి రోజుల్లో దండారి జట్లు ఊరూరూ తిరుగుతాయి. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలతో పాటు చీరలు కట్టి ఆడవేషం వేసిన మగపిల్లలు కూడా ఆడతారు. ఇదీ మగవాడు కట్టిన ఆడవేషమే, ఇదీ నేర్చుకున్న ఆటే. కానీ పత్రికల ఫొటోల్లో ఎక్కువగా నెమలి ఈకలే నిండిపోతాయి. చీర కట్టిన కుర్రాడు ఓ మూలన ఉంటాడు, లేదా అసలు ఉండడు. గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చాక ఒక పేరైతే లోకానికి తెలిసింది. మిగతావాళ్లు?

కూచిపూడి ఫొటో కింద కళాకారుడి పేరు ఉంటుంది. దండారి ఫొటో కింద తెగ పేరు ఉంటుంది. అందుకే చూసేవాళ్లకు అక్కడ విద్య కనిపిస్తుంది, ఇక్కడ వింత ఆచారం కనిపిస్తుంది. వేదిక లేని చోట సంగతి ఇంకా ఘోరం. అదే చీర హిజ్రా కట్టుకుంటే ఫొటో తీసి నవ్వుకోవడానికి పంచుకుంటారు. 2014లో సుప్రీంకోర్టు వాళ్లను మూడో జెండర్‌గా గుర్తించింది. మన ఫోన్లు ఇంకా గుర్తించలేదు.

ఇప్పుడు కెమెరా మన యువత చేతిలోనే ఉంది. దండారిలో చీర కట్టిన తమ్ముణ్ణి ముందు అడిగి ఫొటో తీయండి. అతని పేరు, ఊరు, ఆ ఆట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడిగి, అతను సరేనంటే కింద రాయండి. తోటి ఉపాధ్యాయులకు మా మాట ఒక్కటే. బడి వార్షికోత్సవంలో ఆడవేషం కట్టిన పిల్లాణ్ణి మర్నాడు ఎవరూ వెక్కిరించకుండా చూడండి. డప్పు అడిగిన ఆడపిల్లకు డప్పు ఇవ్వండి. ఇద్దరినీ ఫొటో తీసి, పేర్లు రాసి, బడి గోడకు పెట్టండి.